నడక సారు భార్య

భర్త నడక బూట్లు లోపల చెమ్మగా ఉంటే, పాత పేపర్లు ఉండలు చుట్టి కుక్కుతోంది ఆమె. శుక్రవారం సాయంత్రాల పని అది. గదిలోంచి ఆయన కేకేసి చెప్పాడు, ఈ వారం బూట్ల జోలికి వెళ్లక్కర్లేదని. పై ఆఫీసు నుంచి తనిఖీకి వస్తున్నారట, శని ఆదివారాలు రెండూ కుర్చీలోంచి లేవడానికి లేదట. నడక రద్దు చేసి అందరికీ కబురు పెట్టేశానన్నాడు. ఆమె పేపరు ఉండ చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఏడేళ్లలో ఆ మాట వినడం అదే మొదటిసారి.

నెలకి రెండు శనివారాలు ఆయన పొద్దున్నే రైలెక్కి పక్క నగరానికి వెళ్తాడు. రెండు గంటల ప్రయాణం. అక్కడ గడియార స్తంభం దగ్గర పది పన్నెండు మంది పోగవుతారు. వాళ్లని వెంటేసుకుని పాత వీధులన్నీ కాలినడకన తిప్పి చూపిస్తాడు. ఏ గుమ్మం ఎప్పటిది, ఏ వంతెన కింద ఒకప్పుడు ఏముండేది, ఏ మూల నిలబడితే నది బాగా కనిపిస్తుంది, అన్నీ ఆయనకి కంఠతా వచ్చు. ఆ రాత్రికి అక్కడే ఉండి, ఆదివారం మిగతా సగం చూపించి తిరిగొస్తాడు. అక్కడివాళ్లు తనని 'నడక సారు' అంటారని చెప్పేటప్పుడు ఆయన మొహం వెలిగిపోతుంది.

ఆ వెలుగు వెనక చాకిరీ అంతా ఆమెది. బట్టలు ఉతికి ఇస్త్రీ చెయ్యాలి, నీళ్లసీసా కడిగి నింపాలి, బొబ్బలెక్కితే వేసుకునే పట్టీలు, టోపీ, గొడుగు, దారిలో తినడానికి డబ్బా సర్దాలి. తిరిగొచ్చాక వేడినీళ్లూ, పిక్కలకి నొప్పుల మందూ. ఆ రెండు రోజులూ అత్తగారిని కనిపెట్టుకుని ఉండడం సరేసరి. మొదటి ఏడాదిలో ఒకసారి అడిగింది, నేనూ వస్తానండీ అని. "అంతంత దూరాలు నీవల్ల కాదే" అన్నాడు. ఇంకోసారి అడిగితే, ఇద్దరం ఊరేగితే అమ్మనెవరు చూస్తారన్నాడు. అత్తగారు ఇంకో మెట్టు పైకెక్కి, "వాడు వారమంతా ఒళ్లు హూనం చేసుకుని రెండ్రోజులు ఊపిరి పీల్చుకోడానికి పోతాడు, అక్కడికీ నువ్వెందుకమ్మా" అంది. ఆ 'అక్కడికీ' అన్న మాట చాన్నాళ్లు ఆమె గొంతులో ముల్లులా ఉండిపోయింది. మూడోసారి అడగలేదు.

నీవల్ల కాదన్న మాటకి మాత్రం లోలోపల నవ్వొచ్చేది. ఫిజియోథెరపీ క్లినిక్‌లో పదహారేళ్లుగా ఆమె ఉద్యోగమే మనుషుల్ని నడిపించడం. శని ఆదివారాలు తప్ప, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా కూచునేది లేదు. కాళ్లు విరిగినవాళ్లనీ, ఒక పక్క పడిపోయినవాళ్లనీ చంకల కింద చెయ్యేసి లేపి, రెండు కమ్మీల మధ్య నిలబెట్టి, ఒక్కో అడుగూ వేయిస్తుంది. ఇంటికొచ్చి భోజనాల దగ్గర ఆ కబుర్లే చెప్పేది. భర్త ఫోనులోంచి తలెత్తేవాడు కాదు. విన్నాడో లేదో తెలిసేది కాదు. అయినా చెప్పేది. ఇంట్లో ఇంకెవరున్నారు చెప్పుకోడానికి?

శనివారం ఆరింటికల్లా ఆయన ఆఫీసుకి వెళ్లిపోయాడు. కూతురు హాస్టల్లో ఉంది. ఆడపడుచు ఇంటికి వెళ్లిన అత్తగారు సోమవారం పొద్దున గానీ రాదు. ఆమె గిన్నెలు కడిగి, పొయ్యి గట్టు తుడిచి, తరవాత ఏం చెయ్యాలో తెలీక వంటింటి మధ్యలో నిలబడింది. ఎవరికీ ఏదీ అందించనక్కర్లేని పొద్దు ఎలా ఉంటుందో ఆమె మరిచిపోయి చాలాకాలమైంది. అరగంట తరవాత తలుపు తాళం వేసి, చేతిసంచీలో ఒక జత బట్టలు పెట్టుకుని స్టేషనుకి బయల్దేరింది. ఆయనకి చెప్పలేదు. చెబితే వద్దంటాడని కాదు, చెబితే అడిగినట్టవుతుందని.

వెళ్లాలనిపించడానికి ఆమెకి ఒక కారణం ఉంది. అది ఎవరితోనూ అనలేదు. నడకకి వెళ్లిన ప్రతి శనివారం పదకొండింటికి ఆయన అక్కడినుంచి ఫోను చేస్తాడు. ఇంట్లో ఉన్నప్పుడు 'తువ్వాలెక్కడ', 'బిల్లు కట్టావా' తప్ప మాటలే లేని మనిషి, ఆ ఫోనులో పూర్తిగా వేరే మనిషి. కొండ మీదికి వచ్చాననేవాడు. నది మలుపు తిరిగే చోట నీళ్లు తళతళలాడుతున్నాయనేవాడు. ఒక తెల్ల పడవ వెళ్తోంది, దాని మీద ఎవరో బట్టలారేశారనేవాడు. చివర్లో గొంతు తగ్గించి, "నువ్వు కూడా ఉంటే ఎంత బాగుండేది" అనేవాడు. ఆమె పొయ్యి కట్టేసి, గరిటె చేత్తోనే పట్టుకుని వినేది. ఒక్కోసారి ఒకటి రెండు మాటలు అర్థమయ్యేవి కావు. "వచ్చేసారి నేనూ వస్తానండీ" అంటే, మెత్తగా నవ్వి, "సరేసరే, పడుకో మరి" అనేవాడు. పగలు పదకొండింటికి పడుకోవడమేమిటో! ఇంకోసారి "నొప్పి తగ్గిందా?" అన్నాడు. ఎప్పుడో పన్ను నొప్పన్నది గుర్తుపెట్టుకున్నాడు కాబోలని ఆ రోజంతా ఆమె గాల్లో తేలింది. పదిహేను రోజులకోసారి వచ్చే ఆ అయిదు నిమిషాల మీద మిగతా రోజులన్నీ నెట్టుకొచ్చింది. ఆ చోటు ఒకసారి తన కళ్లతో చూడాలి. అంతే.

రైలు దిగి, దారి అడుక్కుంటూ గడియార స్తంభం దగ్గరికి వచ్చేసరికి తొమ్మిదిన్నర. అక్కడ పదకొండు మంది నిలబడి ఉన్నారు. టోపీలు, నీళ్లసీసాలు, భుజాన సంచులు. చేతిలో కాగితం పట్టుకుని ఒక పెద్దావిడ అందర్నీ లెక్కపెడుతోంది. పోస్టాఫీసులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైందని, అందరూ 'పోస్టమ్మగారూ' అని పిలుస్తారని తరవాత తెలిసింది. నడక రద్దయిందన్నారే, వీళ్లంతా ఎవరా అని ఆమె చూస్తుండగానే, పోస్టమ్మ పలకరించింది.

"నడకకేనామ్మా? రండి రండి. ఈ వారం మా సారు రాలేదు. పాపం, వాళ్లావిడకి మళ్లీ బాగాలేదట. నేనే తిప్పుతున్నాను, ఆయనంత బాగా చెప్పలేననుకోండి."

ఆమెకి ముందు నవ్వొచ్చింది. ఆఫీసు పనుందని చెప్పుకోడానికి నామోషీ అయి, పెళ్లానికి జబ్బని చెప్పాడన్నమాట. మగవాళ్లు ఇలాంటి సాకులు చెబుతూనే ఉంటారు. ఆవిడ మొహం చూసి, 'నేనేనండీ ఆ పెళ్లాన్ని, నాకేం కాలేదు' అనబోయి, ఊరికే ఆయన్ని నలుగురిలో చులకన చెయ్యడమెందుకని ఊరుకుంది. వాళ్లతో కలిసి నడవడం మొదలుపెట్టింది.

పుస్తకాలు కుట్టేవాళ్ల వీధి, తరవాత కాలవ గట్టు, తరవాత ఎర్ర రాళ్లు పరిచిన సన్న సందులు. కిటికీల్లో ఆరేసిన దుప్పట్ల మీంచి ఎండ జారుతోంది. ఒక ఇంటి గోడ మీద వరద నీళ్లు ఎంతెత్తు వచ్చాయో గీతలు పెట్టి ఉంటే, పక్కనే నిలబడి తన భుజం దాకా ఉందని చూసుకుంది. ఎవరికోసమూ ఆగకుండా, ఎవర్నీ పట్టుకోకుండా తన రెండు కాళ్ల మీద తను ఇంత దూరం నడిచి ఎన్నేళ్లయిందో.

పక్కన నడుస్తున్న ముసలి దర్జీ ఆయన మాటల పోగు. భార్యని కూడా వెంట తెచ్చుకున్నాడు. ఆవిడకి ఎడమ మోకాలు బాగాలేదని నడక చూడగానే ఆమెకి తెలిసిపోయింది. బరువు కుడి వైపు వెయ్యమని, అడుగు చిన్నది చెయ్యమని చెబితే, ఆవిడ నాలుగడుగులు వేసి హాయిగా ఉందమ్మా అంది.

"ఈ మాట మా సారుకి చెప్పాలి" అన్నాడు దర్జీ. "వాళ్లావిడకి పనికొస్తుందేమో. పాపం, ఆవిడ లేచి తిరిగి ఏడేళ్లయిందట. నడుం కింద భాగం పనిచెయ్యదు. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి, ఆయనే ఎత్తుకుని మారుస్తాడట. తను చూడలేనివన్నీ నేను నడిచి చూసి చెప్పాలి కదా అంటాడండీ. ఆ మాట విన్నరోజు ఇంటికెళ్లి మా ఆవిడకి కాళ్లు పట్టాను."

"ఆ ఒక్కరోజే" అంది దర్జీ భార్య.

ఇద్దరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. నడుస్తున్నదల్లా తల వంచి తన కాళ్లకేసి చూసుకుంది. అవి మామూలుగానే ఒకదాని తరవాత ఒకటి పడుతున్నాయి. ఈయన మాట్లాడేది ఇంకెవరి గురించో అయి ఉంటుంది. ఒక్క క్షణం, ఆయనకి ఇంకో భార్య ఉందేమో, ఆవిడకి నిజంగానే కాళ్లు పడిపోయాయేమో అనుకుంది. అలా అయినా బాగుండుననిపించింది. ఆ అనిపించడానికే ఆమె హడలిపోయింది.

దర్జీ ఆగలేదు. "మధ్యలో ఒకసారి నిలబెట్టి నడిపించారటండీ. రెండు కమ్మీలు పట్టుకుని, నేల మీద పలకలు లెక్కపెట్టుకుంటూ. పదకొండు పలకలు నడిచి, పన్నెండో దాని మీద కూలబడి, చిన్నపిల్లలా ఏడ్చిందట. ఆ మాట చెప్పేటప్పుడు సారు గొంతు పూడుకుపోయింది. ఇక్కడ కన్నీళ్లు పెట్టనివాళ్లు లేరు."

పదకొండు పలకలు నడిచింది ఒక బస్సు డ్రైవరు. ఆమె క్లినిక్‌లో, ఆమె చేతుల్లో. పన్నెండో పలక మీద కూలబడి ఏడిస్తే, ఆమె కూడా నేల మీద కూచుని అతని వీపు రాస్తూ ఉండిపోయింది. ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పింది. భర్త ఫోను చూసుకుంటూ 'ఊఁ' అన్నాడు, ఇంకాస్త కూర వెయ్యమన్నాడు. విన్నాడన్నమాట. పలకల లెక్కతో సహా విన్నాడు. విని, ఆ డ్రైవరు కాళ్లు తెచ్చి ఆమెకి తగిలించాడు.

ఆమెకి చెవుల్లో హోరు తప్ప ఇంకేమీ వినబడలేదు. ఎక్కడ మలుపు తిరిగారో, ఎక్కడ ఆగారో తెలీలేదు. తెలిసేసరికి కొండ మెట్ల మీద ఉంది. పైన పాత నీళ్ల ట్యాంకు, దాని చుట్టూ చప్టా. పైకెక్కేసరికి ఊరంతా పరుచుకుని కనిపించింది. నది మలుపు తిరిగే చోట నీళ్లు తళతళలాడుతున్నాయి. ఆయన చెప్పినట్టే ఉంది, ఒక్క అక్షరం పొల్లుపోలేదు.

"సారు ఇక్కడినుంచే ఆవిడకి ఫోను చేస్తారమ్మా" అని పోస్టమ్మ ఆమెకి వివరంగా చెప్పింది. "మేమందరం చుట్టూ నిశ్శబ్దంగా నిలబడతాం. ఎంత ముద్దుగా మాట్లాడతారో. చివర్లో 'నువ్వు కూడా ఉంటే ఎంత బాగుండేది' అంటారు చూడండీ, నాకు ప్రతిసారీ కళ్లు చెమరుస్తాయి. పెళ్లంటే ఇదీ అనిపిస్తుంది."

ఆమె చప్టా పిట్టగోడ అంచు గట్టిగా పట్టుకుంది. ఇంతమంది. గరిటె చేత్తో పట్టుకుని తనొక్కతే విన్నాననుకున్న మాట, ఇక్కడ ఇంతమంది నిలబడి, ప్రతిసారీ, ఏడేళ్లు. అది తనకి చెప్పిన మాటే కాదు. తను ఆ మాట పట్టడానికి అవతల పెట్టిన గిన్నె మాత్రమే. పడుకో అన్నది అందుకు. నొప్పి తగ్గిందా అన్నది అందుకు.

అప్పుడే పోస్టమ్మ ఫోను తీసింది. ఈ వారం మనమే ఆయనకి చేద్దాం, ఆవిడెలా ఉందో కనుక్కుందాం, అందరికీ వినబడేలా పెడతానంది. అందరూ దగ్గరికి జరిగారు. రెండుసార్లు మోగాక ఆయన ఎత్తాడు. గొంతు చాలా తగ్గించి మాట్లాడాడు. వెనకాల టకటకమని కాగితాల మీద ముద్రలు కొడుతున్న చప్పుడు ఆమెకి స్పష్టంగా వినబడింది. మిగతావాళ్లకి అది ఏ చప్పుడైనా కావచ్చు.

"పైకి వచ్చాం సార్. మేడంగారికి ఎలా ఉంది?"

"ఇప్పుడే నిద్రపట్టిందమ్మా తనకి. రాత్రంతా కాళ్లలో ఒకటే పోట్లు. పక్కనే కూచుని ఉన్నాను. లేస్తే మీరంతా అడిగారని చెబుతాను."

ఆమె ఏమీ అనుకోలేదు. ఏం మాట్లాడాలో కూడబలుక్కోలేదు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"లేచానండి" అంది.

ముద్రల చప్పుడు ఒక్కటే మిగిలింది. ఆయన ఊపిరి పీల్చడం వినబడింది, వదలడం వినబడలేదు. తరవాత ఫోను కట్టయిపోయింది.

పోస్టమ్మ ఫోనునీ ఆమెనీ మార్చి మార్చి చూసింది. నేనేనండీ ఆయన భార్యనని ఆమె చెప్పింది. అంతే, పదకొండు జతల కళ్లూ ఒక్కసారిగా ఆమె కాళ్ల మీద పడ్డాయి. ఎవరూ మొహం చూడలేదు. చీర కుచ్చిళ్ల కింద ఆ కాళ్లేం చేస్తాయో అన్నట్టు చూస్తూ ఉండిపోయారు. దర్జీ భార్య మెట్టు మీద కూలబడింది. వెనకనుంచి ఎవరో ఒకావిడ చాలా ఆప్యాయంగా అడిగింది:

"అయితే ఎప్పుడు నయమైందమ్మా?"

అన్నిటికన్నా అదే ఆమెని ఎక్కువ కొట్టింది. వాళ్ల మనసులో ఆయన అబద్ధం చెప్పడమనేది లేనేలేదు. ఆమెకి నయమై ఉండాలి, అంతే. తనకసలు ఏ రోజూ ఏమీ కాలేదని, నిన్న కూడా ఎనిమిది గంటలు నిలబడి పనిచేశానని, తన కాళ్లు బాగున్నాయని పదకొండు మంది ముందు సాక్ష్యం చెప్పుకోవాల్సి వచ్చింది. చెబుతుంటే తన గొంతు తనకే అబద్ధంలా వినిపించింది. దర్జీ తల తిప్పుకుని నదికేసి చూస్తూ నిలబడ్డాడు. దేవుడిలాంటి మనిషిని పాడు చేసింది ఆమే అన్నంత కోపం అతని వీపులో కనిపించింది.

దిగేటప్పుడు ఆమెని పోస్టమ్మ మోచెయ్యి పట్టుకుని దింపింది. ఏమీ అడక్కుండా తన ఇంటికి తీసుకెళ్లింది. వెనక వైపు గది ఖాళీగా ఉంది, ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు ఉండమంది. పొద్దున ఆరింటి రైలెక్కితే క్లినిక్ తెరిచే వేళకి ఊళ్లో దిగొచ్చని కూడా, అడక్కుండానే, పోస్టాఫీసు గొంతుతో చెప్పింది. ఆయన సాయంత్రం దాకా ఫోను చేస్తూనే ఉన్నాడు. ఆమె ఎత్తలేదు. కోపం వల్ల కాదు. కోపం ఇంకా రాలేదు. రోడ్డు మీద ఎవరో గట్టిగా గుద్దేసి వెళ్లిపోతే, ఎక్కడ తగిలిందో తెలియడానికి కాస్త టైము పడుతుంది చూడండి, అలా ఉంది.

ఆదివారం మిగతా సగం నడకకి అయిదుగురే వచ్చారు. దర్జీ రాలేదు, అతని భార్య వచ్చింది. మధ్యాహ్నం కాలవ వంతెన మీద అందరూ కూచున్నప్పుడు, ఆమె కాస్త దూరంగా వెళ్లి ఆయనకి ఫోను చేసింది. ఒక్కటే అడిగింది, ఎందుకలా చెప్పారని.

ఆయన ముందు కోప్పడ్డాడు, చెప్పకుండా వెళ్లినందుకు. తరవాత బతిమాలాడు. తరవాత, ఇక తప్పదన్నట్టు చెప్పాడు. మొదటి నడక రోజున ఎవరో అడిగారట, మీ ఆవిడని తీసుకురాలేదేం సార్ అని. ఏం చెప్పాలో తోచక, కాళ్లనొప్పులని అన్నాడట. రెండోసారి తగ్గాయా అని అడిగారట. లేదన్నాడట. "అలా అలా పెరిగిపోయిందే. కావాలని చెయ్యలేదు. వాళ్లు నన్ను ఎంత గౌరవంగా చూస్తారో నువ్వు చూశావుగా. ఇప్పుడు ఒక్క పని చెయ్యి. అదంతా తమాషాకి అన్నానని, నువ్వు నా చెల్లెలివని చెప్పు. చూడ్డానికి వచ్చావని చెప్పు. నమ్ముతారు."

నమ్ముతారనే ఆమెకీ తెలుసు. అదే భయమేసింది.

"ఒక్కపూట నన్ను వెంట తీసుకురావడం కన్నా, నా కాళ్లు తీసెయ్యడం మీకు తేలికైందా?" అంది.

ఆయన మామూలు గొంతుతో, శుక్రవారం సాయంత్రాల గొంతుతో అన్నాడు: "సరేలే, అయిందేదో అయింది. సాయంత్రం రైలుకి వచ్చెయ్. పొద్దున్నే అమ్మ వస్తుంది, ఆవిడకి ఏ మందు ఎప్పుడివ్వాలో నాకు తెలీదు. నా చొక్కాలు కూడా ఒక్కటీ ఉతికినవి లేవు."

ఆమె రెయిలింగు మీద చెయ్యి ఆనించింది. ఏడ్చేస్తుందేమోనని దర్జీ భార్య దూరం నుంచి చూస్తోంది. ఏడుపు రాలేదు. తను అనబోయే మాట తనకే వింతగా ఉండి, ఒంటిమీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

"ఎలా వస్తానండీ? నేను ఏడేళ్లుగా మంచంలో ఉన్న మనిషిని. అత్తయ్యగారి మందులు మీరే చూసుకోండి. చొక్కాలు కూడా. లేవలేనిదాన్ని, నావల్ల అయ్యే పనులు కావవి."

"పిచ్చిపట్టిందా నీకు? ఎన్నాళ్లు ఇలా?"

"మీరు ఆ గడియార స్తంభం దగ్గరికొచ్చి, వాళ్లందరి ముందూ మీ నోటితో మీరే నన్ను లేపి నిలబెట్టేదాకా."